ఐదో అష్రఫీ

డెబ్బయ్యేళ్ళు వచ్చాక హర్రాజు పాటలో చెయ్యెత్తే యోగం నా జాతకంలో ఉందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ముప్ఫయి మూడేళ్ళు సర్కారు బడుల్లో సైన్సు పాఠాలు చెప్పి, పింఛను పుచ్చుకుని, పోచారంలో పెద్దలనాటి పెంకుటింటికి చేరినవాణ్ణి. బంగారం దుకాణం మెట్లెక్కడమంటేనే నాకు పళ్ళు పీకే డాక్టరు దగ్గరికి వెళ్ళినంత బెరుకు. మా పెళ్ళి పుస్తెల దగ్గర్నుంచి అమ్మాయి పెళ్ళి గొలుసు దాకా అన్నీ ఇంట్లో ఆడవాళ్ళు చూసుకున్నవే. నా వంతు డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం.

పోచారం అనగానే హైదరాబాదు చుట్టాలు ఘటకేసరు పక్కన కంప్యూటరు కంపెనీలున్న పోచారం అనుకుంటారు. ఆ లెక్కన మా ఇంటి పక్క స్థలం గజం ఎంత పలుకుతోందని కూడా అడుగుతారు. మాది అది కాదండీ. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన ఆనకట్ట ఉందే, ఆ పోచారం. ఎల్లారెడ్డికీ మెదకుకీ నడుమ. చెరువు నిండితే మత్తడి దూకడం చూడడానికి నాలుగు జిల్లాల వాళ్ళు టిఫిను డబ్బాలతో దిగుతారు. తక్కిన కాలమంతా మేమూ, చెరువూ, అడవిలో దుప్పులూ.

సరే, అసలు సంగతికి వస్తాను. 2023 డిసెంబరులో మా మేనల్లుడి గొలుసు ఒకటి కామారెడ్డిలో కుదువ కొట్టులో చిక్కుకున్నది. గడువు దాటిపోయింది, పేపరులో హర్రాజు ప్రకటన కూడా పడింది. వాడు నాకు ఫోను చేసి ఏడ్చినంత పనిచేశాడు. వడ్డీ కట్టి ఆ గొలుసును జాబితాలోంచి తప్పించడానికి వెళ్ళాను. ఆ పని పావుగంటలో అయిపోయింది. లేచి రావలసినవాణ్ణి, పంకా కింద చల్లగా ఉందని కూర్చున్నాను. అదే నేను చేసిన పొరపాటు, లేక అదృష్టం. ఏదన్నదీ ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు.

పాట నడుస్తోంది. గొలుసులు, గాజులు, కమ్మలు ఒకటొకటిగా పోతున్నాయి. పాడేవాళ్ళు కామారెడ్డి, నిజామాబాదు వర్తకులు. వాళ్ళకు నగ ముఖం చూసే అవసరమే లేదు, గ్రాముల లెక్క. ఇంతలో ఒక ప్లాస్టికు సంచి పైకెత్తి, "పాత నాణేలు ఐదు, పద్నాలుగు గ్రాముల చిల్లర" అన్నాడు పాట పాడించే కుర్రవాడు. సంచిలోంచి చార్మినారు బొమ్మ తళుక్కుమన్నది.

మా అమ్మ మెడలో అలాంటివి ఏడు ఉండేవి. పావు అష్రఫీల పేరు. చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుని ఒక్కొక్క చార్మినారునూ వేలితో ఎక్కి దిగుతూ ఉండేవాణ్ణి. 1970లో నన్ను హైదరాబాదు కాలేజీలో చేర్పించడానికి ఆ పేరు అమ్మేశారు. అమ్మ ఆ తరువాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాని ఆ కుర్రవాడు సంచి ఎత్తేసరికి నా చెయ్యి దానంతట అదే లేచింది. ఎనభై రెండు వేలకు పాట నా మీద నిలిచింది. మనుమరాలి పెళ్ళికని దాచిన సొమ్ములోంచి సుమండీ!

ఇంటికి వచ్చి రుమాలు విప్పి చూపించాను. మా ఆవిడ ఐదింటినీ అరచేతిలో పోసుకుని గలగలలాడించింది. "బంగారమేనా?" అన్నది.

"హర్రాజులో కొన్నాను. వాళ్ళు పరీక్ష చెయ్యకుండా అప్పు ఇస్తారా?"

"అప్పు ఇచ్చినవాడికి వాడి అప్పు వస్తే చాలు. బంగారమయితే పిల్లకు గాజులు చేయిద్దాం. కాకపోతే దండ గుచ్చి మీ మెడలోనే వేద్దాం" అన్నది. అని వంటింట్లోకి పోయింది. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆవిడ గట్టిగా తిట్టిన సందర్భాలు నాలుగైదు కంటే లేవు; ఇలా మెత్తగా అన్నవే రాత్రి నిద్ర పట్టనివ్వవు.

ఆ రాత్రే నాకు లోకంలో జరిగే మోసాలన్నీ వరసగా గుర్తుకు వచ్చాయి. పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికిందనీ, చవగ్గా ఇస్తామనీ వచ్చేవాళ్ళు మొదట ఒక్క నాణెం చేతికిస్తారు. అది నిజమైన బంగారమే. దాన్ని మీరు ఏ అవుసలాయన దగ్గరికి తీసుకెళ్ళినా మంచిదనే అంటాడు. ఆ నమ్మకంతో సొమ్ము చెల్లించి తెచ్చుకున్న మూటలో మిగతావన్నీ ఇత్తడి బిళ్ళలు. మోసపోయినవాడు పోలీసులకు చెప్పుకోవడానికి కూడా జంకుతాడు. ఎందుకంటే 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. గుట్టుగా కొనబోయినవాడు ఏ ముఖంతో వెళ్తాడు? ఇక సీతారాముల పట్టాభిషేకం బొమ్మ ఉన్న రామటంకాలు. పూజలో పెట్టుకోవడానికి చేసిన బిళ్ళలను రామరాజ్యం నాటి నాణేలని చెప్పి వేలకు వేలు గుంజినవాళ్ళు ఉన్నారు. త్రేతాయుగంలో నాగరి లిపి ఎక్కడిదని అడిగేవాడు ఉండడు.

అష్రఫీలకు ప్రత్యేకంగా ఇంకో మోసం ఉంది. నిజాం వెండి రూపాయి బరువూ, నిండు అష్రఫీ బరువూ ఒక్కటే, 11.178 గ్రాములు. రెండింటి మీదా చార్మినారే. వెండి రూపాయికి బంగారు పూత పెడితే తక్కెడ ఏమీ చెప్పలేదు. అయితే వెండి తేలిక లోహం కనుక అంతే బరువుకు రూపాయి బిళ్ళ పెద్దదిగా ఉంటుంది. కన్ను చెబుతుంది. కన్ను ఉన్నవాడికి.

పొద్దున్నే లేచి నాకు చేతనైనవన్నీ చేశాను. మనుమడి పాత రేడియో స్పీకరులోంచి అయస్కాంతం తీసి పెట్టాను, అంటుకోలేదు. అది గొప్ప రుజువేమీ కాదు, ఇత్తడికీ అంటుకోదు. గచ్చు మీద జారవిడిచి మోగించాను. ఒకటి కొరికి చూశాను. మా మనుమడు సినిమాలో చూశానంటూ చెప్పిన పద్ధతి అది. కట్టుడు పన్నున్న వాళ్ళెవరూ అనుసరించవద్దు.

తరువాత భూతద్దం తీశాను. మా నాన్నగారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవారు. ఆయన నాకు నేర్పిన నాలుగు అక్షరాలు డెబ్బయ్యేళ్ళకు పనికివచ్చాయి. చార్మినారు నడిమి కమానులో చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. మహబూబలీ ఖాను కాలపు నాణేల మీద అది 'మీమ్'. 1911లో ఆయన కొడుకు ఉస్మానలీ ఖాను గద్దెనెక్కిన తరువాతి వాటి మీద 'ఐన్'. నా ఐదింటి మీదా ఐన్ ఉన్నది. హిజ్రీ సంవత్సరాలు పదమూడు వందల నలభై పైచిలుకువి. అంటే మా ఆనకట్ట పూర్తయిన రోజులకు దగ్గరివి. అంచు మీద ప్రతిదానికీ టంకం మచ్చ ఉంది. ఒకప్పుడు వీటికి ఉంగరాలు తగిలించి ఎవరో మెడలో వేసుకున్నారన్నమాట. ఎవరి మెడో అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నాకు నా ఎనభై రెండు వేల ఆలోచనే ఉంది.

ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన అవుసలాయన ఒకడున్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పని మానేసి చాలాకాలమైనా గీటురాయి మాత్రం పక్కనే పెట్టుకుని కూర్చుంటాడు. ఒక్కొక్క నాణెమూ రాయి మీద గీసి, పక్కన తన కడ్డీ గీత గీసి, ఆమ్లం చుక్క వేశాడు. గీతలు చెరగలేదు. "బంగారమే సారూ. ఐదుకైదూ బంగారమే. రంది పెట్టుకోకు" అన్నాడు. ఐదోదాన్ని మాత్రం చేతిలో కాస్సేపు తిప్పి చివరికి ఇచ్చాడు. చూపు ఆనక కాబోలు అనుకున్నాను.

నాకు కొండ దిగినట్లయింది. కాని సైన్సు మేష్టరు బుద్ధి ఊరుకుంటుందా? ఆయన కొడుకు దగ్గర మిల్లీగ్రాముల కాటా ఉంటే అడిగి తూచాను. పావు అష్రఫీ టంకశాల బరువు 2.794 గ్రాములు. మొదటిది 2.78. రెండోది 2.77. తరువాతవి 2.75, 2.79. ఐదోది 2.93!

"టంకం ఎక్కువుంటది" అన్నాడు కొడుకు. టంకం మచ్చ నాలుగింటికీ ఉన్నది గదా! నాణెమన్నది చేతుల్లో, మెడలో అరుగుతుందే గాని పెరగదు. తొంభై యేళ్ళు చెమటకూ కొంగుకూ ఒరుసుకున్న నాణెం టంకశాలలో పుట్టినప్పటికంటే బరువెక్కడం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఇహ ఆర్కిమెడీసునే పిలిచాను. కాటా మీద గాజు గ్లాసులో నీళ్ళు పెట్టి సున్నకు తెచ్చి, నాణేలను దారం కట్టి అడుగు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. అప్పుడు కాటా చూపేది నాణెం తోసేసిన నీటి బరువు. నాలుగూ కలిపి గాలిలో 11.09 గ్రాములు, తోసిన నీరు 0.63. భాగిస్తే పదిహేడున్నర పైన. నూటికి తొంభై ఒక్క పాళ్ళ బంగారానికి సరిగ్గా అంతే రావాలి. ఐదోది విడిగా తూస్తే పద్దెనిమిదిన్నరకు చేరువగా వచ్చింది. అంటే అది ఇత్తడీ కాదు, పూతా కాదు. తక్కిన నాలుగింటికంటే మేలిమి బంగారం! వీధిలోకి వచ్చి నిలబడ్డాను. నకిలీ అంటే బంగారం తక్కువ ఉండాలి గాని, ఎక్కువ ఉండడమేమిటి?

కామారెడ్డిలో ఒక దుకాణంలో ఎక్సు కిరణాల యంత్రం ఉందంటే అక్కడికీ వెళ్ళాను. నగ పెట్టి మూత వేస్తే అర నిమిషంలో పాళ్ళు కాగితం మీద అచ్చవుతాయి. అది చూసేది పైపొరను మాత్రమే. దళసరి పూతను అది నమ్ముతుంది. నీళ్ళ గ్లాసు నమ్మదు. రెండూ ఒకే మాట చెబితే మటుకు నమ్మవచ్చు. నాలుగింటికీ 91 దరిదాపుల్లో అంకెలు వచ్చాయి. అష్రఫీకి ఉండవలసినదీ అంతే. ఐదోదానికి 95.6. "అంకుల్, ఇదొక్కటే మంచిది, మిగతా నాలుగూ కొంచెం వన్నె తక్కువ" అని ఆ కుర్రవాడు నన్ను ఓదార్చాడు.

ఆ రాత్రి దీపం కింద నాలుగూ ఒక పక్కా, అది ఒక పక్కా పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు దాటాక కనబడింది. రెండో నాణెం మీద ఎడమ మినారు పక్కన గోటి గిల్లుడంత గంటు ఉంది. ఐదోదాని మీద కూడా సరిగ్గా అక్కడే, అదే వాలులో, అంతే గంటు ఉంది. రెండింటి మీదా ఒకే సంవత్సరం. రెండు నాణేలు వేరువేరుగా కింద పడి ఒకే చోట ఒకేలా దెబ్బ తినవు. ఒకటి తల్లి, ఒకటి పిల్ల. రెండోదాని గంటు అంచులు పదునుగా ఉన్నాయి. ఐదోదాని గంటు సబ్బులో నొక్కినట్లు మెత్తగా ఉంది. అక్షరాలూ అంతే. సూది మొన పట్టేటంత గుంటలు అక్కడక్కడ. అంచు చుట్టూ ఆకురాయి గీతలు. రెండింటినీ దొంతి పెట్టి చూస్తే ఐదోది వెంట్రుకవాసి చిన్నది. కరిగించి పోసిన లోహం ఆరేటప్పుడు ముడుచుకుంటుంది మరి. చిన్నదైనా బరువెక్కువ, అంటే దళసరి. సైఫాబాదు టంకశాల 1903 నుంచీ యంత్రాల మీద ఉక్కు అచ్చుల నడుమ బిళ్ళను పెట్టి ఒక్క దెబ్బతో ముద్రించేది. ఆ దెబ్బకు లేచిన అక్షరం అరిగినా దాని తీరు వేరు. పోతపోసిన అక్షరం ఎంత కొత్తదైనా నిద్ర కళ్ళతో చూసినట్లే ఉంటుంది.

తెల్లవారి మా ఆవిడకు పాఠం చెప్పినట్లు చెప్పాను. "నాలుగు అసలు, ఒకటి నకిలీ. నకిలీదే మేలిమి."

"అయితే ఇంకా నాలుగు నకిలీలు దొరుకుతాయేమో చూడండి" అన్నది.

పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు పాత నాణేల వర్తకుడు ఒకాయనకు చూపించాను. ఆయన కన్ను ఆర్పకుండా నాలుగింటిని ఒక పక్కకు జరిపి, ఐదోదాన్ని చూపుడు వేలితో నా వైపు నెట్టాడు. "ఇది తూకానికి వేసుకోండి. ఆ నాలుగింటికీ బంగారం ధర మీద ఇంకొంచెం ఇస్తాను. టంకం తగిలించి పాడుచేశారు గాని, లేకపోతే ఇంకా పలికేవి" అన్నాడు. అక్కడినుంచి సైఫాబాదు పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం కూడా చూసి బస్సెక్కాను. దారిలో మా మనుమడు ఫోనులో ఒక కథ చదివి వినిపించాడు. జహంగీరు పేరిట 1613లో ఆగ్రాలో ముద్రించిన వెయ్యి మొహరీల నాణెం ఒకటి, దాదాపు పన్నెండు కిలోల బంగారం, నిజాం వంశీకుల చేతికి వచ్చిందని అంటారు. 1987లో జెనీవాలో దాన్ని హర్రాజుకు పెట్టబోతున్నారని తెలిసి మన సీబీఐ వాళ్ళు విచారణ మొదలుపెట్టారు. ఆ నాణెం జాడ మాత్రం తేలలేదు. "తాతా, మనది మూడు గ్రాములది, దాని తల్లిదండ్రుల్ని కనిపెట్టలేవా?" అన్నాడు వాడు.

ఎల్లారెడ్డిలో దిగి తిన్నగా అవుసలాయన దగ్గరికి నడిచాను. రెండు నాణేలూ, భూతద్దమూ ఆయన ముందు పెట్టాను. ఆయన భూతద్దం ముట్టుకోలేదు.

"అన్నా, ఆనాడే ఎరుక గద నీకు?" అన్నాను.

చాలాసేపు ఊరుకున్నాడు. "మా నాయన చేతి పని సారూ" అన్నాడు చివరకు. "మెత్తటి మట్టిల అచ్చు దీసి పోసిండు. నేను పదేండ్ల పోరణ్ణి. ఊదుగొట్టం నా నోట్లనే ఉండె. ఒక ఆడిమనిషి చీకటి పడినంక ఒచ్చింది. ఎవరికీ చెప్పొద్దని మా నాయన నా నెత్తి మీద చెయ్యి బెట్టుకున్నడు. అరవై యేండ్లు చెప్పలే."

"ఇప్పుడు?"

"గా ముసలామె ఇంకా ఉన్నది. మీ ఊర్లనే."

అంతకంటే చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. మా ఊళ్ళో ఆ ఈడు ఆడవాళ్ళు ఎందరున్నారు గనుక! వాళ్ళ అబ్బాయి రెండేళ్ళ కింద మూడు బోర్లు వేయించి మూడింటా దుమ్మే చూశాడని అందరికీ తెలుసు.

మా ఆవిడా నేనూ రెండు రోజులు వాదించుకున్నాం. డబ్బిచ్చి, రసీదు పుచ్చుకుని తెచ్చుకున్న వస్తువు. వెళ్ళి ఆవిణ్ణి కదిలించడం దేనికని నా వాదన. ఆవిడకు హర్రాజు సంగతి తెలియకపోతే మన నోటితో వినవలసి వస్తుంది గదా అన్నాను. "తెలియకపోవడమా, ఈ ఊళ్ళోనా?" అన్నది మా ఆవిడ.

ఆవిడ మాటే నిజమైంది. మూడో నాడు పొద్దున నేను కట్ట మీదినుంచి వస్తుంటే ఆ ముసలావిడ వాళ్ళ అరుగు మీదినుంచి కేకేసింది. "సారూ, మా అష్రఫీలు నీ దగ్గరికొచ్చినయంట గద!"

నేను నిలబడిపోయాను. ఏదో గొణిగాను. ఆవిడ నన్ను తప్పుపట్టడానికి పిలవలేదు. నా ముఖంలోకి అదోలా చూస్తూ, "పరీక్ష చేయించినవంట. ఐదూ మంచియ్యేనా?" అని అడిగింది. ఆ కళ్ళలో భయం చూశాను. బళ్ళో కాపీ కొట్టి, ఇంకా పట్టుబడని పిల్లవాడి భయం అది. డెబ్బయ్యేళ్ళ మేష్టరుకు అది గుర్తుపట్టడం చేతకాకపోతే ఎందుకు?

"ఐదూ బంగారమే అక్కా" అన్నాను. "ఒకటి మాత్రం తక్కిన వాటికంటే మంచి బంగారం."

ఆవిడ కోడలిని చాయ పెట్టమని లోపలికి పంపింది. తరువాత నన్ను సారూ అనలేదు.

"ఎరుకయిందా తమ్మీ" అన్నది.

మా ఆనకట్ట కట్టేటప్పుడు వాళ్ళ అత్తగారి తండ్రి మట్టిపని గుత్తకు పట్టిన మేస్త్రీ అట. హాలీ సిక్కా రూపాయలు చేతికి వచ్చేవి. అప్పట్లో ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలతో సమానం. మిగిల్చిన ప్రతి పైసా కూడబెట్టి కూతురికి ఐదు పావు అష్రఫీలు కొనిపెట్టాడట. ఆ అత్తగారు పండుగకు తప్ప పెట్టెలోంచి తీసేది కాదు. కొత్త కోడలు ముచ్చటపడితే ఒక్క బతుకమ్మ పండుగకు మెడలో వేసి చెరువుకు పంపింది. తిరిగి వచ్చి చూసుకుంటే నాలుగే ఉన్నాయి.

"బతుకమ్మతోటే నీళ్ళల్ల పడ్డదో, తొవ్వల పడ్డదో. మూడు దినాలు తెల్లారకముందే పోయి కట్ట కింద బురద పిసికిన. దొరకలే. మా అత్తకు జెప్తె సంపుతదని గాదు. ఆమె ఒక్క మాట గూడ అనకపోవు. గదే నాకు భయమాయె. తల్లిగారు పెట్టిన కమ్మలుండె. కిందిమీద చేసి, కమ్మలు గునుక దొంగలు గుంజుకున్నరని చెప్పి, అవుసలాయనకిచ్చిన. గీ నాలుగింట్ల ఒకదాని లెక్క చెయ్యమన్న. కమ్మల బంగారం ఎక్కువున్నది, తియ్యాల్నా అన్నడు. ఒద్దు, అంతా దాంట్లనే పొయ్యిమన్న."

అందుకని 2.93. అందుకని 95.6. వాళ్ళ తల్లిగారు పెట్టిన కమ్మలు టంకశాల బంగారం కంటే మేలిమివి. అత్తగారు పోయేదాకా ఆ పేరును లెక్కపెట్టి పెట్టెలో పెట్టుకుంటూనే ఉన్నదట, ఐదని. భర్తకు కూడా తెలియదు. కుదువ కొట్టులో వాళ్ళ అబ్బాయి పెట్టినప్పుడు మటుకు ఈవిడకు నిద్ర లేదట. యంత్రంలో పెట్టి, ఫలానా వాళ్ళింటి అష్రఫీ దొంగదని అందరి ముందూ అంటారేమోనని. కుదువ కొట్టువాళ్ళు బంగారాన్ని చూసుకున్నారు, చార్మినారును చూడలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ నాతో మాట్లాడకుండా ఐదు నాణేలూ రుమాలులో కట్టుకుని వాళ్ళింటికి నడిచింది. నేను వెనకాల వెళ్ళాను. కొన్న ధరకే ఇస్తాం, మీ అబ్బాయి ఎప్పుడు వీలైతే అప్పుడు ఇయ్యవచ్చునని చెప్పింది. ఎనభై రెండు వేలు వదులుకోవడానికి మా దగ్గర ధర్మసత్రం లేదు గాని, ఆగడానికి ఓపిక ఉంది. ముసలావిడ తల అడ్డంగా ఊపింది.

"నా కొడుక్కు జెప్పకు వదినే. వాడు మళ్ళ అప్పు జేస్తడు. ఆ నాలుగూ మీ దగ్గరుండనీ. అవి మా అత్తవి, మంచిగ దాసిపెట్టిన. ఇప్పుడు మీ పిల్లకు వోతయి. గిదొక్కటి ఇయ్యి" అని ఐదోదాన్ని, చూడకుండానే, వేళ్ళతో తడిమి తీసింది. నాకు భూతద్దంతో రాత్రి పదకొండు దాటాక తెలిసినది ఆవిడకు బొటనవేలికి తెలుసు.

ఊరికే తీసుకోమంటే ఒప్పుకోలేదు. పింఛనులోంచి నెలకు ఐదు వందలు ఇస్తానన్నది. మా ఆవిడ లెక్క వేసి, పదిహేడు వేలు, ముప్ఫయి నాలుగు కిస్తులు అని పాల లెక్క పుస్తకంలో చివరి పేజీలో రాసింది. ఇదేం పని, అంత ముసలావిడ దగ్గర కిస్తులేమిటి అని నేను ఇంటికి వచ్చాక అన్నాను. "ఊరికే ఇస్తే అది మనదవుతుంది" అన్నది మా ఆవిడ. అర్థం కాక ఊరుకున్నాను.

2024 ఫిబ్రవరి నుంచి నెల తప్పలేదు. పోస్టాఫీసులో పింఛను అందిన రోజే వస్తుంది. 2025 ఆగస్టు చివర మా వాగుకు పెద్ద వరద వచ్చి ఊరంతా అల్లాడిన నెలలో కూడా, దారి తెరిపి ఇవ్వగానే చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బురదలో వచ్చింది. డబ్బు ఇచ్చి, ఆ నాలుగింటినీ ఒకసారి చూపించమంటుంది. మా ఆవిడ బీరువా తీస్తుంది. గాజుల మాట ఆవిడ ఇప్పుడు ఎత్తడం లేదు. నాలుగూ అరచేతిలో వేసుకుని లెక్కపెట్టి, రెండోదాని మీది గంటు ఒకసారి గోటితో తడిమి, తిరిగి ఇచ్చేస్తుంది.

ఇరవయ్యో కిస్తు నాడు పాల పుస్తకంలో గీత గీస్తూ, ఇంకా పద్నాలుగున్నాయి వదినే అన్నది మా ఆవిడ.

"అన్ని దినాలు నన్నుండమంటున్నవా ఏంది?" అని నవ్వి, చాయ పెట్టమన్నది.